నవలే కదా అంటారా?

"నవలే కదా, చదివి పక్కన పడేయండి." ఈ మాట మాకు కొత్త కాదు. సినిమా గురించి అడిగితే సినిమాయే కదా అన్నారు. పేపర్లో వేసిన బొమ్మ గురించి అడిగితే బొమ్మే కదా అన్నారు. పేరు వినగానే ఇంటి ఓనరు తలుపేసుకున్నాడని చెబితే ఎవడో ఒక్కడే కదా అన్నారు. ఇన్ని "కదా"ల కింద మేం బతుకుతున్నాం. అందుకే ఒక నవల గురించి, దాన్ని చదివి మురిసినవాళ్ల గురించి, చదివి నొచ్చుకున్నవాళ్ల గురించి, చదవకుండానే ఆపేయమన్నవాళ్ల గురించి మాకు తోచింది చెప్పదల్చుకున్నాం. ఆ నవల మా మీద రాసింది కాదు. మా గాయం గురించి మేం మాట్లాడితే మీకు మా అరుపొక్కటే వినబడుతుంది. పక్కవాడి గాయం గురించి మాట్లాడితే అందులో మాట కూడా వినబడుతుందేమోనని మా ఆశ.

ఆ నవల పేరు 'డావిన్సీ కోడ్'. అమెరికా రచయిత డాన్ బ్రౌన్ రాశాడు. 2003లో వచ్చింది. ప్రపంచమంతా కోట్ల ప్రతులు అమ్ముడయింది. పారిస్‌లోని లూవ్ర మ్యూజియంలో ఒక పెద్దమనిషి హత్యతో కథ మొదలవుతుంది. చచ్చిపోతూ అతను వదిలిన గుర్తులు పట్టుకుని ఒక ప్రొఫెసరూ, పోలీసు శాఖలో పనిచేసే ఒక యువతీ రాత్రంతా పరుగెత్తుతారు. చివరికి తేలేదేమిటంటే ఏసుక్రీస్తు మగ్దలేనే మరియను పెళ్లాడాడని, వాళ్లకు సంతానం కలిగిందని, ఆ వంశం ఇంకా బతికే వుందని, చర్చి ఆ సంగతిని వందల ఏళ్లుగా దాచిందని. ఆ రహస్యం కోసం హత్యలు చేసేవాడు సైలస్ అనే సన్యాసి. తొడకు ముళ్లపట్టీ బిగించుకుంటాడు, కొరడాతో తన వీపు తానే చీల్చుకుంటాడు, ప్రార్థన చేస్తాడు, వెళ్లి మనుషుల్ని చంపుతాడు.

2006లో అది సినిమాగా వచ్చింది. మన సెన్సారు బోర్డు 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చి, ఇదంతా కల్పన అని తెరమీద రాయించింది. అయినా ఆ జూన్‌లో అప్పటి వుమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పంజాబ్, నాగాలాండ్, గోవా, తమిళనాడు కూడా అదే పని చేశాయి. మన దగ్గర క్రైస్తవ సంఘాలతో పాటు ముస్లిం సంఘాలు కూడా అభ్యంతరం చెప్పాయి. అదే నెలలో హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం ఆ నిషేధాన్ని కొట్టేశారు. సినిమా చూడనైనా చూడకుండా, వచ్చిన అర్జీల్ని పట్టుకుని నిషేధించడమేమిటని ప్రభుత్వాన్ని తప్పుపట్టారు. ఇంతా చేసి, సినిమాను ఆపిన మన రాష్ట్రంలో ఆ సినిమాకు మూలమైన పుస్తకం ఫుట్‌పాత్ మీద నిక్షేపంగా అమ్ముడుపోయింది.

ఫుట్‌పాత్ అంటే మా ఫుట్‌పాతే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ వున్న బాట. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, గుంటూరు నుంచి వచ్చిన పిల్లలు కంప్యూటర్ కోర్సు పుస్తకాల పక్కన దొంగప్రింటు 'డావిన్సీ కోడ్' పెట్టుకున్నారు. ఇంగ్లీషు మెరుగవుతుందని కొందరు, ఆపలేక కొందరు చదివారు. చదివినవాళ్లంతా ఒకేలా చదవలేదు. అక్కడే మా వ్యాసం మొదలవుతుంది.

క్రైస్తవ పాఠకులు నొచ్చుకున్నారు. ఆ నొప్పిని మన లౌకికవాద మిత్రులు "మతఛాందసం" అని ఒక్క మాటతో కొట్టిపారేశారు. మిత్రులారా, మన తెలుగు నేలమీద క్రైస్తవుడంటే ఎవరు? రోమ్‌లో బంగారు సింహాసనం మీద కూర్చున్న పెద్దమనిషా? మన దగ్గర చర్చికి పోయేవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. గుడిమెట్లు ఎక్కనివ్వని వూళ్లో, నీళ్లబావి దగ్గరికి రానివ్వని వూళ్లో, తనను తాకడానికి వెనుకాడని దేవుడొకడు దొరికితే పట్టుకున్నవాళ్లు. వాళ్లకు ఏసు ఒక సిద్ధాంతం కాదు, తలెత్తుకునే ధైర్యం. పారిస్ మ్యూజియంలో చర్చి అధికారాన్ని ప్రశ్నించే కథ మన కొత్తపేట గల్లీలోకి వచ్చేసరికి ఎవరి మీద పడుతుందో చూడాలి కదా. అక్కడ చర్చి రాజ్యమేలింది. ఇక్కడ ఆదివారం ప్రార్థన పెట్టుకున్న పాస్టరు పక్కింటివాళ్లకు భయపడి గొంతు తగ్గించుకుంటాడు. ఒకే పుస్తకం రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది.

ఇంకో రకం పాఠకులున్నారు. "చూశారా, మీ చర్చి అబద్ధాలు బయటపడ్డాయి" అని సంబరపడ్డవాళ్లు. అప్పుడు వాళ్లకు భావప్రకటనా స్వేచ్ఛ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సరిగ్గా ఆ 2006లోనే, మన హైదరాబాద్‌లో 'సినిమా ఘర్' కట్టుకున్న ఎం.ఎఫ్. హుసేన్ తన బొమ్మల మీద కేసులూ బెదిరింపులూ తట్టుకోలేక దేశం విడిచాడు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011లో లండన్‌లో కన్నుమూశాడు. తొంభై దాటిన ముసలాయన సొంత మట్టిలో చావడానికి నోచుకోలేదు. డాన్ బ్రౌన్ నవలకు చప్పట్లు కొట్టిన చేతులు హుసేన్ విషయంలో ఏం చేశాయో మేం మర్చిపోలేదు. పక్కవాడి దేవుడి మీద స్వేచ్ఛ, మన దేవుడి మీద కేసు. దాన్ని స్వేచ్ఛ అనరు.

ఇక మావాళ్లు. మాలో రెండు పక్షాలు తేలాయి. ఒక పక్షం లోపల్లోపల సంతోషించింది. ఈసా అలైహిస్సలాం దేవుని కొడుకు కాదు, మనిషి, ప్రవక్త అని మేం నమ్ముతాం. నవల కూడా ఆయన మనిషే అంటోంది, కనుక మేమే గెలిచామని వీళ్ల లెక్క. భాయ్, ఎవరి సాక్ష్యంతో గెలుస్తున్నారు? ఆ నవల మొదటి పేజీలో 'వాస్తవం' అని పెట్టి, ప్రయరీ ఆఫ్ సయన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టిందని చెప్పారు. నిజానికి ఆ పేరుతో సంఘాన్ని 1956లో ఫ్రాన్స్‌లో పియెర్ ప్లాంతార్ అనే మనిషి రిజిస్టరు చేయించాడు. దానికి పాతకాలపు గొప్ప అంటగట్టడానికి దొంగ కాగితాలు పుట్టించి పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో చేర్పించారు. ఆ దొంగ కాగితాల మీద కట్టిన కథ అది. మన ఈమాన్ నిలబడటానికి దొంగ కాగితాల సాక్ష్యం కావాలా? రేపు అలాంటి కాగితాలతోనే మన మసీదు కింద ఇంకేదో వుందని ఎవరైనా నవల రాస్తే ఏమంటారు? అది నవలగానే ఆగుతుందని గ్యారంటీ వుందా? 1992 డిసెంబర్ 6 చూసినవాళ్లం మనం.

రెండో పక్షం అర్జీలు పట్టుకుని సచివాలయానికి పోయింది. మర్యం పేరిట ఖురాన్‌లో ఒక సూరా వుంది, పంతొమ్మిదోది. ఈసాను గౌరవించకుండా ముసల్మాన్ ముసల్మాన్ కాడు. కనుక క్రైస్తవుల నొప్పి మా నొప్పి కూడా అన్నారు. ఆ మాటలో మంచితనం వుంది. ఒక మైనారిటీ ఇంకో మైనారిటీ పక్కన నిలబడటం ఈ దేశంలో అరుదుగా చూస్తాం, దాన్ని మేం తక్కువ చేయం. కానీ మా పెద్దల్ని ఒకటి అడుగుతాం. నిలబడి ఏమడిగారు? "ఆపేయండి" అని అడిగారు. సర్కారు చేతికి ఇంకో కత్తెర ఇచ్చారు. ఆ కత్తెర రేపు ఎవరి నాలుక మీదికి వస్తుందో ఆలోచించారా?

నిషేధాల చరిత్ర మనకు తెలియంది కాదు. లాహోర్‌లో ప్రవక్త మీద వచ్చిన ఒక చౌకబారు పుస్తకం మీద గొడవ జరిగితే 1927లో ఇంగ్లీషువాడు 295ఎ సెక్షన్ తెచ్చాడు. మన మనోభావాల కోసం పుట్టిన చట్టం అది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299 అని పేరు మార్చుకుంది. ఆ సెక్షన్ కింద కేసులు ఎదుర్కొన్నవాళ్లలో మనవాళ్లెందరున్నారో మన పెద్దలు ఎన్నడైనా చూశారా? 1988లో సల్మాన్ రష్దీ నవల దిగుమతిని నిషేధించారు. చదవనివాళ్లు కూడా ఆ నిషేధాన్ని పండగలా చెప్పుకున్నారు. 2024 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ముందు ఆ నిషేధం ఉత్తర్వు చూపించమంటే ఏ శాఖా చూపించలేకపోయింది. అసలు అలాంటి ఉత్తర్వు లేనట్టే భావించాల్సి వస్తుందని కోర్టు ఆ కేసు మూసేసింది. ముప్ఫై ఆరేళ్లు మనం మోసిన విజయం ఒక దొరకని కాగితం. ఆ ముప్ఫై ఆరేళ్లలో మన బస్తీకి ఒక బడి ఎక్కువొచ్చిందా? ఒక పిల్లాడికి కొలువొచ్చిందా?

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ నవల 'శోధ్' తెలుగు అనువాదం ఆవిష్కరణ జరుగుతుంటే మజ్లిస్ ఎమ్మెల్యేలు వెళ్లి ఆమె మీద దాడి చేశారు. ఒక ఆడమనిషి మీదికి పూలకుండీలు, కుర్చీలు ఎత్తారు. మా పేరు మీద చేశారు. మమ్మల్ని అడిగి చేయలేదు. తస్లీమా రాసినదానితో మాకు పేచీ వుండొచ్చు. పేచీ వున్నవాడు కలం పట్టాలి. కుర్చీ ఎత్తినవాడు తన దగ్గర మాట లేదని లోకానికి చాటుకున్నాడు. ఆ మర్నాడు పేపర్లలో కనిపించింది వాళ్ల ముఖాలే, సిగ్గుపడింది మాత్రం మేమందరం.

ఇంతవరకూ మావాళ్లను అన్నాం. చప్పట్లు కొడుతున్న లౌకికవాద మిత్రులారా, ఆగండి. ఇప్పుడు మీ వంతు.

"నవలే కదా" అనే మాట మీరు ఎక్కడి నుంచి తెచ్చారు? ఆ నవలే ఆ మాట అనడం లేదు. మొదటి పేజీలోనే 'వాస్తవం' అని బోర్డు పెట్టుకుంది. థ్రిల్లర్ బలమంతా అక్కడే వుంది. పాఠకుణ్ని నమ్మించాలి, భయపెట్టాలి, పేజీ తిప్పించాలి. నమ్మకం కుదరడానికి నిజమైన వూరు, నిజమైన మ్యూజియం, నిజమైన సంస్థ పేరు కావాలి. ఓపస్ డే అనేది కల్పన కాదు, కేథలిక్కుల్లో నిజంగా వున్న సంస్థ. సైలస్ మాత్రం కల్పన. నిజమైన సంస్థ మెడలో కల్పిత హంతకుణ్ని కట్టి వదిలారు. పుస్తకం మూసేశాక పాఠకుడికి ఏది గుర్తుంటుంది? ప్రార్థన చేసి హత్యకు బయల్దేరిన మనిషి గుర్తుంటాడు. భక్తి, హత్య ఒకే బొమ్మలో ఇమిడిపోతాయి.

క్రైస్తవ సోదరులకు సైలస్ ఒక నవలలో ఎదురయ్యాడు. మాకు రోజూ ఎదురవుతాడు. మన సినిమాల్లో, సీరియళ్లలో, పాకెట్ నవలల్లో నమాజు చేసి లేచినవాడు తర్వాతి సీన్లో బాంబు పెడతాడు. కళ్లకు సుర్మా, నెత్తిన టోపీ, మెడలో తావీజు, గోడ మీద ఉర్దూ అక్షరాలు. ఈ నాలుగూ చూపిస్తే చాలు, ప్రేక్షకుడికి హంతకుడెవరో తెలిసిపోతుంది. 1992లో 'రోజా' వచ్చినప్పుడు జాతీయ జెండా కోసం థియేటర్లో చప్పట్లు మోగితే, పక్క సీట్లో కూర్చున్న మేం ఎంత గట్టిగా కొట్టాలో లెక్క వేసుకున్నాం. 2002లో 'ఖడ్గం' వచ్చింది. అందులో మంచి సాయిబొకడు, తీవ్రవాదంలోకి పోయిన అతని తమ్ముడొకడు. మంచి సాయిబు తన దేశభక్తి రుజువు చేసుకోవాలి. హిందువు మంచివాడిగా పుడతాడు, సాయిబు మంచివాడని రుజువు చేసుకోవాలి. ఈ సూత్రంతో ఎన్ని కథలు వచ్చాయో లెక్కలేదు. వాటిల్లో ఒక్కదాన్నైనా చూసి మీరు "ఇది కళ కాదు, అబద్ధం" అని విమర్శ రాశారా? సాంకేతిక విలువలు బాగున్నాయని రాశారు.

'ఖడ్గం' ఏ నెలలో వచ్చింది? 2002 నవంబర్ చివర్లో. అదే నవంబర్ 21న దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. తెర మీద కథ, వీధిలో రక్తం ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. మధ్యలో మేం చిక్కాం.

దాచేది ఏమీ లేదు, చెప్పాల్సింది చెబుతాం. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో నలభైమందికి పైగా చచ్చిపోయారు. అదే రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్ థియేటర్ ఎదురుగా, వెంకటాద్రి థియేటర్ దగ్గరి 107 బస్టాపులో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది పోయారు. మిర్చీబజ్జీ తినడానికి ఆగినవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ఆ కేసులో ఐదుగురికి 2016 డిసెంబర్‌లో కోర్టు మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. శిక్షపడ్డవాళ్ల పేర్లలో మా పేర్లున్నాయి. వాళ్లు చేసింది హత్య. దానికి ఏ ఆయత్‌లోనూ మాఫీ లేదు. ఆ సాయంత్రం అక్కడ గాయపడ్డవాళ్లలో మావాళ్లూ వున్నారు. 2007లో మక్కా మసీదులో గాయపడి బతికి, మళ్లీ 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో గాయపడిన ముస్లిం కుర్రాడొకడున్నాడు. అతని గాయం కన్నా ముందు అతని పేరు వార్త అయింది. రెండుచోట్లా వున్నాడంటే ఏదో వుందన్నారు. అది థ్రిల్లర్ నేర్పిన చదువు. యాదృచ్ఛికం అనేది థ్రిల్లర్లో వుండదు, ప్రతి గుర్తుకూ ఒక కుట్ర వుంటుంది. నవలలో ఆ చదువు వినోదం. ఆసుపత్రి మంచం దగ్గర అది హింస.

ఆ మక్కా మసీదు సంగతి కూడా వినండి. 2007 మే 18 శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. చచ్చినవాళ్లు మేం. పట్టుకుపోయింది కూడా మమ్మల్నే. నెలల తరబడి జైళ్లలో వున్న పిల్లల్ని తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలాయి. 2011లో సర్కారు పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని రద్దు చేసింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులని ప్రత్యేక కోర్టు తేల్చింది. చంపినవాడెవడో ఇప్పటికీ తేలలేదు. ఈ కథను థ్రిల్లర్‌గా ఎవరూ రాయలేదు. ఇందులో హంతకుడి ముఖం మీకు అలవాటైన ముఖం కాదు కనుక రాయలేదా?

ఇప్పుడు మెట్రోలో మలక్‌పేట తర్వాత ఆరో స్టేషన్ ఎల్బీనగర్. రైలుకు కొద్ది నిమిషాల దూరం. అద్దె గది కోసం వెళ్లే మా పిల్లలకు ఆ దూరం ఎంతో తెలుసా? టులెట్ బోర్డు చూసి లోపలికి పోతారు. ఓనరు గది చూపిస్తాడు, నీళ్లెప్పుడొస్తాయో చెబుతాడు, అడ్వాన్సెంతో చెబుతాడు. అప్పుడు పేరడుగుతాడు. పేరు చెప్పాక వూరి నుంచి తమ చుట్టాలొస్తున్న సంగతి గుర్తుకొస్తుంది. ఇంకో ఇంట్లో మాంసం వండకూడదంటారు. వండమంటే ఇంకేదో అంటారు. ఆ ఓనరు రాక్షసుడు కాదు. రాత్రి పూట టీవీ చూసి, పేపరు చదివి పడుకునే మామూలు మనిషి. అతనికి మా ఇంటి లోపల ఎలా వుంటుందో తెలియదు. మా అమ్మీ వంట తెలియదు, మా అబ్బా అప్పులు తెలియవు. అతనికి తెలిసిన సాయిబు కథల్లో సాయిబే. అందుకే మేం "నవలే కదా" అంటే ఒప్పుకోం. నవల చదివిన మనిషే ఇంటి ఓనరు, అతనే కానిస్టేబులు, అతనే జర్నలిస్టు, అతనే వుద్యోగమిచ్చేవాడు.

మరి ఆపేయమంటామా? అనం. మా సమాధానం వేరు. డాన్ బ్రౌన్ నవల వచ్చినప్పుడు ఓపస్ డే ఏం చేసిందో చూడండి. మా గురించి ఇలా రాశారు, మేం నిజానికి ఇలా వుంటాం, వచ్చి చూడండి అని జనానికి తలుపు తెరిచింది. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబే తన ఆవరణలో షూటింగ్ చేయనివ్వలేదు, అక్కడితో ఆగింది. క్రైస్తవ పండితులు నవలలోని ఒక్కో అబద్ధాన్నీ పట్టుకుని పుస్తకాలకు పుస్తకాలు రాశారు. పుస్తకానికి పుస్తకం జవాబు. ఆ ఆత్మవిశ్వాసం వాళ్లకుంది, మనకెందుకు వుండకూడదు?

మనకూ వుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు ఎవర్నీ నిషేధించమని అడగలేదు. మా మీద కథలల్లినవాళ్ల ముందు మా కథ పెట్టాడు. 1998లో 'జల్‌జలా' వచ్చింది. గుజరాత్ తగలబడ్డ 2002లో 'అజా' వచ్చింది. 2004లో 'వతన్' కథలు వచ్చాయి. వాటిల్లో తెలుగు పాఠకుడు మొదటిసారి మా ఇంటి వాకిలి దాటి లోపలికొచ్చాడు. పేదరికం చూశాడు, పర్దా వెనక ఆడవాళ్ల కోపం చూశాడు, మాలో మాకున్న హెచ్చుతగ్గులు చూశాడు. ఏ అర్జీ చేయని పని ఆ పుస్తకాలు చేశాయి. ఇంకా ఎక్కువ రాయకపోవడం మా కొరత. రాసినవాటిని మీ పాఠ్యపుస్తకాల్లో, మీ వారపత్రికల్లో, మీ సభల్లో పక్కన పెట్టడం మీ కొరత.

కనుక మా కౌం పెద్దలకు మా మాట ఇది. ఒక పుస్తకం మీద కోపమొస్తే ముందు కొనండి, చదవండి, చదివించండి. ఆ తర్వాత మాట్లాడండి. సచివాలయానికి పట్టుకుపోయే అర్జీలో ప్రవక్తల పరువు కన్నా ముందు జైల్లో మగ్గిన పిల్లల పరిహారం రాయండి, గది దొరకని పిల్లల సంగతి రాయండి. ప్రవక్తలు తమ పరువు తాము కాపాడుకోగలరు. ఆ పిల్లలకే ఎవరూ లేరు.

లౌకికవాద మిత్రులకు మా మాట ఇది. స్వేచ్ఛ కోసం మీతో కలిసి నిలబడతాం. డాన్ బ్రౌన్ స్వేచ్ఛ కోసం, తస్లీమా స్వేచ్ఛ కోసం, హుసేన్ స్వేచ్ఛ కోసం ఒకే గొంతుతో నిలబడతాం. మీరూ అలా నిలబడండి. అయితే రాసే హక్కు వున్నచోట విమర్శించే బాధ్యత కూడా వుంటుంది. థ్రిల్లర్లో హంతకుడి నెత్తిన టోపీ పెట్టిన ప్రతిసారీ "ఈ టోపీ ఎందుకు?" అని రచయితను అడగండి. మేం అడిగితే మనోభావాలంటారు. మీరు అడిగితే విమర్శ అంటారు. ఆ తేడా పోయిన రోజున మీరు "నవలే కదా" అనండి. మేమూ పక్కన కూర్చుని, అదే పుస్తకం తీసుకుని, హంతకుడెవరో చివరి పేజీ దాకా తెలియకుండా చదువుకుంటాం.